ఉన్ని పోగులు

ఓదెలు మామ జీపెనక ట్రాలీకి ముక్కు పెట్టిండు.
పాత కూలర్ డబ్బా కోసి, సుత్తెతోని వంచి,
వంకర్లన్నీ రివెట్లకు అప్పజెప్పి.
పరకాల అడ్డమీద నవ్వనోడు లేడు:
"బండికి పెండ్లా, బాసింగం గట్టినవ్?"

మామ పట్టించుకోలే.
గొంగడి నేసే లచ్చవ్వనడిగి
పిడికెడు తెల్లున్ని తెచ్చిండు.
జానెడు జానెడు పోగులు తెంపి
ట్రాలీ ఒంటినిండ టేపుతోని అతికిచ్చిండు.
"గాలి కండ్లకు కానరాదు బిడ్డా,
గీటితోనన్న సదువుకో."

నేను స్కూటీ మీద ఎనక.
ఆత్మకూరు దాటినంక, అరవై మీద,
పక్కల పోగులు పడుకున్నయ్
నూనెవెట్టి దువ్విన తలలెక్క.
ఎనక తలుపు మీదియి మాత్రం
పూనకమొచ్చినట్టు ఊగుతున్నయ్,
కొన్నైతే తిరిగి ముందుకే తంతున్నయ్.

"ఇన్నేండ్లు డీజిల్ తాగింది
ముందటి గాలి ఒక్కటే గాదు,
ఎనకున్న ఖాళీ" అన్నడు మామ,
చాయ్ సల్లారబెట్టుకుంట.

ఆ రాత్రే ఎలక్షన్ ఫ్లెక్సీ సట్రం విప్పి తోక కట్టినం,
నాయకుని నవ్వు లోపలికి మడిచి.

ఎనుమాములల మిర్చి బస్తాలు దించొచ్చినం.
లీటరు మిగిలిందో, లీటరున్నరనో,
మామ లెక్క మామది.
నాకు యాదికున్నది
మూలకు ఇంకా ఎగురుతున్న ఒక్క పోగు.
పీకుదామంటే వద్దన్నడు:
"ఉండనీ. దానికింకేదో తెలుసు."