ఓకే అన్నాక

"చిన్న మార్పేనండీ" అంటారు,
ప్లేటు ఎక్కాక, సిరా కలిశాక,
బాజీ చొక్కా విప్పి మిషను ముందు నిలబడ్డాక.
గుంటూరు బ్రాడీపేటలో, మెడికల్ షాపు మేడమెట్ల కింద
పదహారేళ్లుగా వింటున్నాను ఈ మాట.

వినాయకుడు ఎడమకి చూడాలట.
మేనమామ అలిగాడు, ఆయన్ని ఒక వరస పైకి జరపాలట.
జరిపితే ఇంకో బావమరిది కిందికి జారతాడు,
అతని ఫోను రేపు పొద్దున.
బిర్యానీ సెంటరాయనకి ఎరుపు చాల్లేదు.
ఫోనులో ఎరుపు వేరు, కాగితం మీద ఎరుపు వేరు
అని ఎంత చెప్పినా
"గుంటూరోణ్ణి, నాకు ఎరుపు తెలీదా!" అంటాడు.

గోడకి బోర్డు పెట్టాను, పెద్దక్షరాల్లో:
ప్రూఫ్ ఓకే చేశాక మార్పులకు
ప్లేటు ఖర్చు, కాగితం ఖర్చు మీవే.
దాని కిందే నిలబడి బేరమాడతారు.
నేనూ "సరే, సగమివ్వండి" అంటాను.
ఆ సగం
"మళ్లీ వచ్చినప్పుడు" అవుతుంది.

మొన్న మంగళవారం రాత్రి, తొమ్మిదిన్నర.
సగం దించిన షట్టరు కిందనుంచి
వంగి లోపలికొచ్చాడు ఏసోబు గారు, ప్రత్తిపాడు నుంచి.
భార్య జ్ఞాపకార్థ కూడిక కార్డులు, మూడొందలు.
రెండొందల చిల్లర అప్పటికే బల్లమీద ఆరుతున్నాయి.

"పేరు మార్చాలయ్యా.
మా అబ్బాయి చూడకుండా ఓకే కొట్టాడు."

చూశాను. కృపామణి.
తప్పేముంది?
ఆయన రాసిచ్చిన చీటీలో 'కృపామని' అనుంటే
నేనే దిద్దాను,
కాస్త గర్వంగానే దిద్దాను.
అడగాలని తోచలేదు.

జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు, అందులోంచి
కోల్డ్ స్టోరేజీ కూలి చీటీ.
మిరప తొడిమలు తీసిన రోజుల లెక్క.
అడుగున ఆమె సంతకం.
నలభై రెండేళ్ల వయసులో
రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు.
చివరి 'ని' మీద గుడి మరీ పెద్దది,
అక్షరానికి గొడుగు పట్టినట్టు.

"వేలిముద్ర మానేశాక అన్నిటికీ ఇదే పెట్టింది.
మీరేసిందే రైటేమోనయ్యా,
ఆవిడైతే కాదు."

తరవాత బోర్డు వైపు తిరిగాడు.
పెదవులు కదుపుతూ పైనుంచి కిందిదాకా
దాన్ని చదివిన మొదటి మనిషి.
"ఖర్చు నాదేగా" అని నోట్లు తడిచేసుకుంటూ లెక్కపెట్టబోయాడు.
ఎవరిదో నాకు తెలుసు.

బాజీ ఏమీ అనకుండా మళ్లీ చొక్కా విప్పాడు.
ఎన్ని వేల తప్పులు దిద్దిందో ఈ వేలు,
'ని' కొట్టేముందు కాసేపు ఆగింది.

కార్డులు ఆరేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది.
కాగితం రీముల మీద కూర్చునే నిద్రపోయాడాయన,
కూలి చీటీ మళ్లీ కవర్లో పెట్టుకుని.
'ణి' పడ్డవాటిని కోసి చీటీలు చేద్దామంటే
వద్దు, కట్టకట్టి అటకెక్కించు, అన్నాను బాజీతో.
ఎందుకో అడగలేదు వాడు. అడిగితే చెప్పలేను.

ఇప్పుడు ఎవరే అక్షరం రాసిచ్చినా
అట్లాగే కొట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపుతున్నాను.
సగం మంది తిడుతున్నారు, ఆ మాత్రం రాదా అని.
పని రెట్టింపయింది.
బిర్యానీ సెంటరాయన మాత్రం
ఎరుపు ఇంకా చాల్లేదంటున్నాడు.