రాయి అని కొడితే

పత్తికొండ బస్టాండు పక్కన
జిరాక్సు, లామినేషను, రీచార్జి అంగడి నాది.
నిన్న సాయంత్రం అల్లుడు మద్దిలేటి వచ్చి
కంప్యూటర్లో కొత్త సెర్చ్ ఇంజిన్ ఎక్కించిపోయినాడు.
"మామా, ఇది మనల్ని గుర్తుపెట్టుకోదు.
అడిగింది చెప్పి మర్చిపోతాది" అన్నాడు.
మర్చిపోయే వాళ్ళు నాకు కొత్తేమీ కాదు,
బాకీల పుస్తకం నిండా వాళ్ళే.

కొత్త ఎద్దుకు పండ్లు చూసినట్టు
ముందుగాల నాకు తెలిసినవే అడిగినాను.
మా ఊరి పేరు కొట్టినాను.
ఇంకేదో జిల్లాలో అదే పేరున్న ఊరు చూపించి
అక్కడ రెండు లాడ్జీలున్నాయంది.
టమోటా ధర అడిగితే మదనపల్లెది చెప్పింది.
మా మార్కెట్లో ఈ పొద్దు గంప ఎంతకు పోయిందో
రోడ్డు మీద పారబోసిన ఎరుపు చూసి
నేనే దానికి చెప్పాల.

ఉరుకుందప్ప అని నా పేరు కొట్టినాను.
దేవుడి గుడికి దారి చూపింది,
నేను మాత్రం లేనంది.
కొంచెం సిగ్గేసింది. కొంచెం నెమ్మదించినాను కూడా,
అప్పిచ్చినోడు వాకిట్లో పిలుస్తుంటే
తలుపెనక నిలబడినట్టు.

తర్వాత
రాయి అని కొట్టినాను.
పాత దాంట్లో ఈ మాట కొట్టాలంటే భయం.
రెండేండ్ల కింద ఒక రాత్రి
నడుము పట్టుకొని కొడవలిలా వంగిపోయి
కిడ్నీలో రాయి అని ఒకే ఒక్కసారి అడిగినందుకు
ఇప్పటికీ నన్ను వదల్లేదు.
పంచాంగం తెరిచినా కర్నూలు ఆసుపత్రులే,
క్రికెట్ చూస్తున్నా
"నొప్పి తగ్గిందా?"
ఇంట్లో ఎవరూ అన్నిసార్లు అడగలేదు.

కొత్తదానికి నా నడుము తెలియదు.
గ్రానైటు చూపింది, తాడిపత్రి బండలు చూపింది,
సమాధి రాళ్ళ రేట్లు చూపింది,
అడుగున ఎక్కడో, చిన్నక్షరాల్లో,
రాయి అంటే వ్రాయుము అంది.

అప్పుడే వాన నిలిచింది.
దస్తగిరమ్మ లోపలికొచ్చింది,
మోకాళ్ళదాకా జొన్నగిరి చేన్ల మన్ను.
ముంగారు పడిందంటే ఆమె కూలికి పోదు,
వజ్రాలు ఏరను పోతుంది.
పద్దెనిమిదేండ్లకు దొరికింది
ఎవరిదో ఒక వెండి మెట్టె, ఒక సిలుం పట్టిన కాసు.
కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టింది
శనగ్గింజంత.
"ఇదేనేమో, నీ డబ్బానడుగు."

ముడి వజ్రం అని కొట్టినాను.
రెప్ప వేసేలోగా వేల బొమ్మలు,
నల్ల గుడ్డ మీద, దీపాల కింద,
తానం చేయించి కూర్చోబెట్టినట్టు.
ఆమె ఒక్కోటే చూసింది, తొందర లేకుండా,
విత్తనం బుడ్డలు ఏరినట్టు.

"ఇవన్నీ దొరికినవే గదప్పా.
దొరకనిది ఎట్లుంటాదో సూపియ్యమను."

నా వేళ్ళు మీటల మీదనే ఉండిపోయినాయి.

"ఇది మనల్ని మర్చిపోతాదంట పెద్దమ్మా"
ఏదో ఒకటి చెప్పాలని చెప్పినాను.
"ఆ చేనూ అంతే ల్యా.
తెల్లారి పోతే నా అడుగు ఒక్కటీ ఉండదు,
వాన కడిగేసింటాది.
అందుకే మళ్ళా పోబుద్ధయితాది."

ఆధార్ జిరాక్సు తీసుకొని, రెండు రూపాయలిచ్చి,
రాయిని నా దగ్గరే వదిలేసింది,
కాగితాలు ఎగరకుండా ఉంటాయని.

షట్టరు సగం దించినాక
ఇంకోసారి రాయి అని కొట్టినాను.
ఇందాకటి సంగతేమీ ఎరగనట్టు
మొదటినుంచీ మొదలుపెట్టింది:
గ్రానైటు, తాడిపత్రి బండలు,
సమాధులు,
అడుగున, చిన్నక్షరాల్లో,
వ్రాయుము.