నలభై నారింజలు

ఈ ఉప్పుకయ్యను గళ్ళుగా కోశాను,
ఒక్కో గడి ఇరవై మీటర్లు.
ప్రతి గడికీ ఒక లోతు, ఒక వేగం,
పక్కగడితో ఇచ్చిపుచ్చుకోళ్ళు.
నీరు పల్లమెరుగు అంటారు.
గలీసియాలో ఆరేసి గంటలకోసారి
పల్లమే చోటు మారుస్తుంది.

రెండుసార్లు లెక్క పేలిపోయింది.
కాలపు అడుగు చిన్నది చేశాక
బుద్ధిగా నడిచింది.
మునిసిపాలిటీ గొట్టం వదిలే మురుగు
పోటుపాట్ల నడుమ పలచబడి
కడలి దారి పడుతుందనీ
ఆల్చిప్పల మడుల వంక
చూడనైనా చూడదనీ
రంగుల పటం వేసిచ్చాను.
తెరమీద ఎరుపు మెల్లగా నీలమయ్యే తీరు
ఎంత బాగుందో!

నమ్మనివాళ్ళ కోసం నారింజలు.
మునిగీ మునగక తేలతాయి, గాలికి లొంగవు,
తప్పిపోయినా ఎవరికీ విషం కావు.
నలభై పళ్ళకు సిరాతో అంకెలు వేసి
తెల్లవారుజామున
ఎలాదియో పడవ మీంచి విడిచాం.

మధ్యాహ్నం పాటుకి
రబ్బరు బూట్లతో దొసిందా వచ్చింది.
బకెట్లో ఆల్చిప్పలు, వాటిమీద నా పళ్ళు.
"పదిహేడు," అంది.
"పద్దెనిమిదోది మనవడు తిన్నాడు.
ఉప్పగా ఉందట."

పటం చూపించాను, ఇటు రాకూడదని.
ఆమె పటాన్ని కాదు, నన్ను చూసింది.
"అడుగున గడ్డి ఉంది కదా సబేలా,
మోకాలెత్తు.
నీళ్ళు అక్కడికొచ్చి కాసేపు కూర్చుంటాయి.
ఎవరూ చెప్పలేదూ నీకు?"

చెప్పలేదు. నేనడిగితే కదా.
నా సముద్రం అడుగు
ఈ కొసనుంచి ఆ కొసకి ఒకటే గరుకు,
పరిచిన ఇసుక కాగితం,
దశాంశం తర్వాత మూడంకెలు.
నలభై ఏళ్ళుగా ఆమె నడుం వంచే చోటు
నా లెక్కలో తడీ పొడీ కాని గడి.
లోతు సున్నా కాగానే
వేగాన్నీ సున్నా చేసి
ముందుకు పోతుంది ప్రోగ్రాము.

ఈ రాత్రి గడ్డి నాటుతున్నాను
ఆమె వేలితో గీసిన గీత లోపల,
గడి తర్వాత గడి.
ఈసారి మురుగు తిన్నగా పోలేదు.
గట్టు చాటున సుడి తిరిగి
మడుల మీదే మసలింది.
ఎరుపు నీలం కావడానికి
నాలుగు పోట్లు పట్టింది.

రేపు మునిసిపాలిటీకి చెప్పాలి.
అంతకుముందు దొసిందాకి.
ఇది నిజమైతే వాళ్ళు ముందు మూసేది
గొట్టాన్ని కాదు.

ఇరవై రెండు పళ్ళు ఇంకా దొరకలేదు.
దొరికినవి బల్లమీద ఉన్నాయి,
తొక్కలపై తెల్లగా ఉప్పు.
ఒకటి ఒలిచాను.