కర్చీఫు వేసిన సీటు

ముప్పై ఒక్క ఏళ్లు మీటర్లు చదివాను,
పటమట నుంచి పెనమలూరు దాకా.
ఆ వీధుల కుక్కలకి నేను పరిచయస్తుణ్ణే.
రిటైరైనా, ఏది తిరుగుతున్నా
కళ్లు దాని అంకెల్నే వెతుక్కుంటాయి.

పై పోర్షన్ శశాంక్ కరెంటు కారు కొన్నాడు.
బాల్కనీలోంచి దించిన వైరుతో
రాత్రంతా దానికి సెలైన్ ఎక్కిస్తాడు.
"పొగ లేదంకుల్, చప్పుడూ లేదు."
నిజమే నాయనా.
పొగంతా ఇబ్రహీంపట్నంలో ఆగిపోయింది,
ఆ పొడుగు గొట్టాల దగ్గర.
నమ్మకపోతే మా తోడల్లుడి డాబా మీద
ఆరబెట్టిన వడియాల్ని అడుగు.

రెండుసార్లు లిఫ్టిచ్చాడు. అబద్ధమెందుకు,
మెత్తటి సీటు, చల్లటి గాలి.
నా మోకాళ్లు అప్పుడే కారు పార్టీలో చేరిపోయాయి.

కానీ లెక్క ఊరుకోదు.
కానూరు నుంచి బస్టాండుకి ఎనిమిది కిలోమీటర్లు.
కారుకి ఒకటింబావు యూనిట్టు,
మోసేది ఒక్క శశాంక్‌ని,
వాడి లాప్‌టాప్‌ని, మూడు ఖాళీ సీట్లని.
అదే దారికి కరెంటు బస్సు పది యూనిట్లు తాగుతుంది.
పొద్దున్న అరవై మంది ఒకరి చెమట ఒకరికి పూసుకుంటూ పోతే
తలకి యూనిట్టులో ఆరో వంతు.
నా సర్వీసులో అంత చిన్న బిల్లు
తాళం వేసిన ఇంటికి కూడా రాయలేదు.

అయితే ఇది రాత్రి పదింబావు. చివరి ట్రిప్పు.
కిటికీకి తల ఆన్చి నిద్రపోతున్న నర్సమ్మ.
ఆటోనగర్ కుర్రాళ్లు ఇద్దరు, గోళ్లలో గ్రీజు.
అమ్ముడుపోని జాజుల బుట్టతో ఒకావిడ.
వెనక ఇంకో నలుగురు, ఫోన్ల వెలుగులో ముఖాలు.
ఎనిమిది.
పదిని ఎనిమిదితో కొడితే ఒకటింబావు.
కారుకీ బస్సుకీ సరికి సరి!
ఒక్కరు దిగిపోతే శశాంకే గెలుస్తాడు.
ఖాళీ సీటు టిక్కెట్టు కొనదు గానీ
కరెంటు మాత్రం తాగుతుంది.

బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడింది.
మళ్లీ లెక్కపెట్టాను, ఎనిమిదే.
కండక్టరు ఎస్తేరు వచ్చి చెయ్యి చాపింది.
"మీ టిక్కెట్టు సార్?"

ఓరి నా లెక్క తగలెయ్య,
నన్ను నేను వేసుకోలేదు!

"పక్క సీట్లో ఆ కర్చీఫేంటండీ,
బస్సంతా ఖాళీయే కదా?"
"ఒకడు రావాలమ్మా."
వెనక అద్దంలో
చప్పుడు లేని రెండు తెల్ల లైట్లు
మా వెనకే ఆగి ఉన్నాయి.
"ఆయనకీ కొట్టమంటారా?"
"ఇవాళ వద్దులే."