పన్నెండో లైను

జుబైల్ల మా సైటు కాడ
స్కాఫోల్డింగ్ ఎక్కాలంటే
ముందుగాల దాని మెడల ట్యాగు సూడాలె.
పచ్చదైతే ఎక్కు. ఎర్రదైతే ఆగు.
ఎవలు కట్టిండ్రు, ఎవలు సూసిండ్రు,
ఏ తారీఖు, ఎంత బరువు ఆపుతది,
మార్కరుతోని అన్ని రాసుంటయి.
రాయకపోతే
ఎంత గట్టిగున్నా అవి ఉత్త ఇనుప పైపులు.

పదకొండేండ్ల సంది కడుతున్న నేను.
పొద్దంత పైపులు, క్లాంపులు, పలకలు.
రాత్రి రూముకొచ్చినంక మాటలు.

పోయిన నెల ఓదెలు మీద కవిత రాసిన.
ఓదెలు అంటే నా కింది బెర్తు.
మెట్‌పల్లి దిక్కు మనిషి.
కిడ్నీలు పాడై ఎగ్జిట్ కొట్టించుకొని పోయినోడు.
పదకొండు లైన్లు నడిచినయి.
పన్నెండోది రాలే.
రెండు రాత్రులు సూసి
ఫోన్ల ఏఐని అడిగిన.
రెప్పపాటుల ఇచ్చింది:

"సముద్రం పక్కనే ఉన్నా
అతని దాహం ఒడ్డునే నిలబడింది."

అబ్బ, అనుకున్న.
నా మాటల నడుమ వెట్టి క్లాంపు బిగించిన.
అప్పట్ల నేను గూడ పుస్తకాల తెలుగులనే రాస్తుంటి,
జాయింటు కనవడలే.

శుక్రారం మెస్సుల చదివిన.
కుర్చీలు సాలక బకెట్లు బోర్లేసుకొని కూసున్నరు.
గా లైను కాడికి రాంగనే
వెల్డరు రాజనర్సు తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు.
"మల్ల చదువు" అన్నరు.
మల్ల చదివిన.
"ఎట్ల దొరికిందే నీకు గీ మాట?"
రాజనర్సే అడిగిండు.
"గట్లనే వచ్చింది" అన్న.

గట్లనే వచ్చింది!
పూరా అబద్ధం గూడ కాదు సూడు,
గదే నన్ను నిద్ర పోనియ్యలే.

ఓదెలుకు గూడ చదివి వాయిస్ పంపిన.
జగిత్యాల్ల డయాలసిస్ మంచం మీదికెళ్లి ఫోన్ చేసిండు.
"మంచిగుందే."
జరసేపు మిషను సప్పుడు.
"కాని నేను సముద్రం ఎప్పుడు సూసిన్నే?"

నిజమే.
నాలుగేండ్లు క్యాంపు, బస్సు, గేటు, బస్సు, క్యాంపు.
సముద్రం ప్లాంటు గోడ అవతల,
దాని వాసన గూడ గ్యాసు కిందనే మునుగుతుండె.
ఓదెలు ఎరిగిన నీళ్లంటే
నలుగురి బాటిళ్లల కలిసిపోకుండ
మూత మీద మార్కరుతోని "ఓ" అని రాసుకున్న
ఒక్క లీటరు.
పదకొండు గొట్టంగనే ఒడిసేది.
నింపుకోవాలంటే ఐదంతస్తులు దిగాలె.
దిగితే ఫోర్‌మన్ గడియారం సూస్తడు.
గందుకే దిగకపోతుండె.

గీ సంగతి మిషనుకు తెల్వదు,
నేను చెప్పలే.
నాకు తెల్సు.
నేను రాయలే.

మల్ల శుక్రారం మెస్సుల నిలవడి
"గా పన్నెండో లైను నాది కాదు" అన్న.
ఫ్యాను సప్పుడు.
"ఎవలిదే మరి?"
చెప్పిన.
ఒకడు నవ్విండు.
ఒకడు, "ఎవలు రాస్తేంది,
నా ఏడుపైతే నాదే కద" అన్నడు.
ఇంకొకడు, "జీతం గూడ దానికే ఇయ్యిమను" అన్నడు.
రాజనర్సు ఏమనలే.
చాయి గ్లాసు వట్టుకొని బయటికి పోయిండు.
గా తువ్వాలకు నేను బాకీ వడ్డ.
ఏ రియాల్లతోని తీరుతదో తెల్వదు.

అచ్చుకు పంపేటప్పుడు
గా లైను పీకేద్దామనుకున్న.
పీకేస్తే ఎన్నడు లేనట్టే అయితది,
గది రెండో అబద్ధం.
ఉండనిచ్చిన, ఎర్ర ట్యాగు కట్టి.
కవిత కింద, ఈసారి మా ఇంటి తెలుగుల రాసిన:

కట్టింది: గుగ్గిల్ల లస్మన్న, జుబైల్.
పన్నెండో లైను: మిషను ఇచ్చింది, నేను అడిగి తీసుకున్న.
సూసింది: ఓదెలు. తప్పు వట్టింది గూడ ఆయినే.
ఎంత బరువు ఆపుతది:

గక్కడ ఖాళీగ ఇడిసిన.
రాజనర్సు ఇంక చదవలే.