మోపు దించే చోటు

పొద్దున ఆరింటికి, మూసీ కాజ్‌వే చివర
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను.
ఒళ్లో ఫారం, చేతిలో నొక్కుడు లెక్క మిషను,
ముక్కుకి రుమాలు, మొదటి గంట వరకే.
తర్వాత ముక్కే సర్దుకుంటుంది.

పాతికేళ్ల ముందుచూపు ప్లానుకి లెక్క ఇది.
ఏ వంతెన ఎంత ముసలిది, ఎవరిని మోస్తోంది,
కొత్తది కావాలంటే ఏ ఒడ్డు ముందు చెయ్యి చాపాలి.
బస్సంటే మూడు కార్లు.
బైకంటే అర కారు.
ఈ భాషలో పట్నమంతా కార్లే,
కొందరు నిండుగా, కొందరు ముక్కలుగా.

ఆరూ నలభైకి గడ్డిమోపు వచ్చింది.
ముందు మోపే కనబడింది, పచ్చగా, నీళ్లు కారుతూ.
దాని కింద బాలనర్సమ్మ.
ఫారమంతా వెతికాను.
ఎడ్లబండికి గడి ఉంది
(ఇక్కడ ఎడ్లబండిని చూసి ఎన్నేళ్లయిందో),
నెత్తిమీది బరువుకి లేదు.
"ఏం రాస్తున్నవ్ సారూ?"
"వంతెన మీద ఎవరు పోతున్నారో."
"మరి నన్ను రాసినవా?"
మిషను నొక్కాను. ఏ మీట నొక్కానో చెప్పలేదు.

పోయిన వారం పురానాపూల్ కింద
ఖలందర్ సాబ్ చిన్న సుత్తితో రాయిని కొట్టి
కుడిచెవి ఆనించి విన్నాడు. ఎడమది ఎప్పుడో పోయింది,
బ్లాస్టింగ్ పనుల్లో.
ఖణేల్‌మంటే బతికున్నట్టు,
దబ్‌మంటే లోపల గాలి చేరినట్టు.
నాలుగు వందల ఏళ్ల కమాను ఖణేల్‌మంది.
దిగువన నా ఈడు కాంక్రీటు స్తంభం దగ్గరికి తీసుకెళ్లి
ఒక్క దెబ్బ వేశాడు.
దబ్.
"అబ్ బోలో, బుడ్ఢా కౌన్?"
నేను వయసు గడిలో కట్టిన సంవత్సరమే రాశాను.

శనివారం గండిపేట గేట్లు లేపారు.
కాజ్‌వే మునిగింది, బారికేడ్ పడింది,
వంద అడుగుల దూరం ఆరు కిలోమీటర్లయింది.
ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే, గడ్డికి కాదు.
"మోపు దించి ఎక్కు" అన్నాడట కండక్టరు.
మోపు దించితే ఇంక ఎక్కుడెందుకు?
అంబర్‌పేట బర్రెలు ఆ పూట ఎండుగడ్డి నమిలాయి.
చాయ్‌లో పాలు పలచనైన సంగతిని
ఎవరూ వంతెనకి ముడిపెట్టలేదు.

సోమవారం మీటింగులో
గోడంత మ్యాపు, నది మీద అయిదు కొత్త గీతలు.
స్కేలు వేసి చూశాను,
పెన్సిలు ములుకు మందంలోనే నలభై గడపలున్నాయి.
ఒకాయన పాతవన్నీ కూల్చేద్దామన్నాడు.
ఒకాయన, పాతదానికి పూత పూస్తే
శిలాఫలకం ఎక్కడ పెడతామన్నాడు, నవ్వుతూ,
పూర్తిగా నవ్వు కాకుండా.
ఖలందర్ సాబ్‌ని పిలవలేదు. డైలీ వేజ్.

మధ్యాహ్నం మళ్లీ కాజ్‌వే దగ్గరికి పోయి అడిగాను,
కొత్తది కడితే ఎట్లుండాలని.
వెడల్పు చెబుతుందనుకున్నాను, లైట్లు చెబుతుందనుకున్నాను.
"ఎత్తేటప్పుడు ఎవలన్న చెయ్యేస్తరు బిడ్డా,
దించేటప్పుడే ఎవలుండరు.
నడుమల ఒక్క అరుగు పెట్టుండ్రి,
ఒక్కదాన్నే దించుకుంట, ఒక్కదాన్నే ఎత్తుకుంట."
టేపు తీసి ఆమె భుజం ఎత్తు కొలిచాను.
నాలుగడుగుల ఒక అంగుళం.
సిగ్గుపడి నవ్వింది, దర్జీవా అని.

ఆ రాత్రి డ్రాయింగులో
మూడో స్తంభం పైన, పిట్టగోడ పక్కన
ఒక చిన్న దీర్ఘచతురస్రం గీసి
"మోపు దించే అరుగు" అని రాశాను.
ఎర్ర సిరాతో తిరిగొచ్చింది:
ఇది ఎన్ని కార్లకు సమానం?

జవాబు రాయలేదు ఇంకా.
ఇప్పుడే ఫోను, గేట్లు మరో రెండడుగులు లేపుతున్నారట.
కుర్చీ, మిషను, కొత్త ఫారం తీసుకుని బయల్దేరాను.
శీర్షిక కొట్టేసి చేత్తో రాసుకున్నాను.
ఇవాళ లెక్క, దాటినవాళ్లది కాదు.
బారికేడ్ దాకా వచ్చి
ఆగిపోయినవాళ్లది.