బిందె నిండేలోపు

కృష్ణలంకలో మా వీధికి
నీళ్ళు తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి వస్తాయి.
రాబోయే ముందు పంపు ఒకసారి దగ్గుతుంది.
ఆ దగ్గుకే లేస్తాను.
బిందె కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని
నిన్నటి సగం వాక్యం తెరుస్తాను.

సగమే ఉంటుంది.
నిన్న అంతలోనే బిందె నిండింది మరి.
మొదట్లో ఏడుపొచ్చేది,
సరైన మాట దొరికే వేళకే
నీళ్ళు పొర్లి పాదాల మీదికి వచ్చేవి.
ఇప్పుడు కావాలనే ఆపేస్తాను,
"ఆమె తలుపు తీసి" అని రాసి.
పగలంతా ఆ తలుపు నాలో ఓరగా ఉండిపోతుంది.
ఎవరో ఒకరు తోసుకుని వస్తారు.
రాని రోజులూ ఉన్నాయి.
ఆ రోజుల్లో ఊరికే నీళ్ళు పడతాను.

ఉద్యోగం బస్టాండులో, విచారణ కౌంటరు.
అద్దానికి అరచంద్రం లాంటి కన్నం.
జనం అందులోంచి ముఖం కన్నా ముందు
ప్రశ్న దూరుస్తారు.
"అమ్మా, మాచర్ల?"
"చిలకలూరిపేట నాన్‌స్టాపు ఉందా, పోయిందా?"
"ఇందాకటి బస్సులో సంచి మర్చిపోయానండీ,
ఆకుపచ్చది, లోపలేమీ లేదు."
లోపలేమీ లేదన్నవాడి గొంతు
ఇంటికి తెచ్చుకున్నాను,
ట్రిప్‌షీటు వెనక, పెన్సిలుతో.
పెన్నుతో రాస్తే
నాకు నేనే ఆఫీసరులా కనపడతాను.

ప్లాట్‌ఫారం కంట్రోలరు దావూద్ గారు నా మొదటి పాఠకుడు.
చదవరు, వింటారు. టీ తాగుతూ, కళ్ళు మూసుకుని.
కప్పు పెదవి దగ్గర ఆగిన చోట
చిన్న చుక్క పెట్టుకుంటాను.
జుర్రుమని గుక్క వినపడిన చోట
పేరా కొట్టేస్తాను.
"బస్సు కడగడం కూడా
ప్రయాణికులు చూడాలా అమ్మా?" అన్నారొకసారి.
అప్పట్నుంచి కథ మొదటి పేజీ రాస్తాను, చింపుతాను,
కిటికీ రెక్క కొట్టుకోకుండా
మడిచి సందులో పెడతాను.

ఆషాఢంలో, రెండో షిఫ్టు చేసిన వారం, ఒకావిడ వచ్చింది.
నెమలికంఠం రంగు చీర, చేతిలో మందుల చీటీ.
"అవనిగడ్డ ఆఖరి బస్సు ఎన్నింటికి?"
చెప్పాను. ఎక్కలేదు.
మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ.

ఆమె మీద పదకొండు పేజీలు రాశాను:
పారిపోయిన మొగుడు, తాకట్టులో పొలం,
బస్సు వెనక పరిగెత్తే గళ్ళగౌను పిల్ల.
బిందె పొర్లుతున్నా లేవలేదు.
పక్కింటి వెంకాయమ్మ పంపు కట్టేసి,
నన్నూ నా కాగితాలనూ కలిపి తిట్టింది.
దావూద్ గారు మూడు కప్పులు తాగేశారు.
ఒక్క చోటా ఆగలేదు.

ఐదో రోజు కన్నంలోంచి నేనే అడిగాను,
"రోజూ అడుగుతారు, ఎక్కరేం?"
ఆవిడ సిగ్గుపడింది.
"పెద్దాసుపత్రిలో మా చెల్లెలికి తోడున్నానమ్మా.
అక్కడ అందరం మంచం నెంబర్లమే.
నువ్వు మా ఊరి పేరు చక్కగా పలుకుతావు.
విని పోదామని."

ఆ రాత్రి మైకులో
ఆ ఒక్క పేరు దగ్గర నాలుక తడబడింది.

తొమ్మిది పేజీలు తీసేశాను.
మొగుడు తేలిగ్గానే పోయాడు, పొలమూ పోయింది.
ఆ పిల్లని తీయడానికే రెండు రోజులు పట్టింది,
గౌను బాగా కుదిరింది మరి.
ఆవిడ చెప్పిన కారణం కూడా రాయలేదు.
అది నాకు చెప్పింది, కథకి కాదు.
ఇప్పుడందులో ఒకామె అడుగుతుంది,
ఒకామె చెబుతుంది,
బస్సు వెళ్ళిపోతుంది.

విని, దావూద్ గారు బాగుందనలేదు.
టీ మీద మీగడ కట్టింది.
"వాళ్ళింట్లో ఎవరికి బాగాలేదు?" అన్నారు.
కథలో జబ్బు మాటే లేదు.
చేతిలో ఒక చీటీ ఉంది, అంతే.

అచ్చయిందా అని అడగకండి.
రెండు చోట్ల నుంచి తిరిగొచ్చింది,
మూడో చోట ఉంది.

ఈ పూట నీళ్ళు సన్నగా వస్తున్నాయి.
నాకు మంచిదే.
"లోపలేమీ లేని ఆకుపచ్చ సంచి కోసం అతను"
ఇంతవరకూ వచ్చాను.
బిందె గొంతు మారింది.
లేవాలి.